పొక్కులు లేచిన ఫెండర్: ఇంటి షెడ్డులో పెయింటుకు సిద్ధం చేసిన ఒక కేసు

మా బావ తన తెల్ల కారు తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. ఎడమవైపు ముందు ఫెండర్ మీద, చక్రానికి సరిగ్గా పైన, రెండు అరచేతులంత మేర పొక్కులు లేచి ఉన్నాయి. ఆవగింజంత మొదలుకొని శనగగింజంత దాకా. చక్రం చుట్టూ ఉండే అంచు దగ్గర రెండు చోట్ల తుప్పు కారి, తెలుపు మీద గోధుమరంగు చారలు కట్టింది. కారు వయసు 11 ఏళ్లు. ఆ ఫెండర్‌కు రెండేళ్ల కిందట ఒక షెడ్డులో సొట్ట తీయించి పెయింట్ వేయించారు. "పైపైన గీకి రంగు కొట్టేస్తే సరిపోదా?" అని అడిగాడు బావ.

ఒక పొక్కును గోరుతో నొక్కాను. పగిలి, చిన్న నీటిచుక్క బయటికొచ్చింది. అప్పటికి నాలుగు రోజులుగా వాన లేదు, కారు కడగనూ లేదు. పెయింట్ పొర కింద ఆ నీరు ఎలా చేరింది? ఈ కేసంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. పదిహేనేళ్లుగా డెంటింగ్, పెయింటింగ్ పనిలో ఉన్నాను. రంగు బాలేక చెడిన పనుల కంటే, రంగు కింద తడి మిగిలిపోయి చెడిన పనులే ఎక్కువ చూశాను. అందుకే ఈ ఫెండర్ మీద చేసిన పని మొత్తం, నేను చేసిన తప్పుతో సహా, రాసి పెడుతున్నాను. ఇంట్లో స్వయంగా చేసుకునేవాళ్లకు రంగు కొట్టడం కంటే ముందు జరగాల్సిన పనే కష్టం. ఆ పనికి ఖరీదైన మెషిన్లు అక్కర్లేదు, ఓపిక మాత్రం చాలా కావాలి.

విప్పకముందు చూసినవి

మొదట అయస్కాంతం తీసుకున్నాను. పెయింట్ గీరుకుపోకుండా దానికి పల్చటి గుడ్డ చుట్టి ఫెండర్ మీద నడిపిస్తే, రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, పుట్టీ (సొట్ట నింపడానికి పూసే ముద్ద) మందంగా ఉన్నచోట జారిపోతుంది. పొక్కులున్న మేర అంతా జారిపోయింది. పెన్సిల్‌తో గీత గీసుకుంటూ వెళ్తే పొక్కులకు ఇంకో నాలుగు వేళ్లు అవతలిదాకా పుట్టీ ఉందని తేలింది. కంటికి కనిపించే జబ్బు కంటే అసలు జబ్బు పెద్దదన్నమాట.

తర్వాత థిన్నర్ పరీక్ష. తెల్లగుడ్డకు కాస్త థిన్నర్ అద్ది, పాత పెయింట్ మీద ఒక మూల అర నిమిషం రుద్దాలి. గుడ్డకు రంగు అంటిందంటే ఆ పెయింట్ హార్డనర్ (కలిపితే గట్టిపరిచే రసాయనం) లేకుండా ఆరిన రకం. దాని మీద కొత్త ప్రైమర్ (రంగు కంటే ముందు వేసే పూత) పడితే ముడతలు పడే ప్రమాదం ఉంది. ఇక్కడ గుడ్డకు ఏమీ అంటలేదు. చుట్టుపక్కల పెయింట్ గట్టిదే కాబట్టి మొత్తం తీసేయక్కర్లేదు, పాడైన చోటు వరకు తీసి చుట్టూ అంచులు కలిపితే చాలు.

ఫెండర్‌ను కారు మీదే ఉంచి పని చేయొచ్చు. కానీ చక్రం అంచు లోపలివైపు చూడాలంటే విప్పక తప్పదు. టైరు పైనుండే ప్లాస్టిక్ లైనర్ క్లిప్పులు తీసి, బోల్టులు విప్పాను. పైన వరసగా కనిపించేవి సులువే. తలుపు తెరిస్తే హింజి దగ్గర దాక్కున్నది ఒకటి, కింద బంపర్ మూలలో ఒకటి ఉంటాయి. అవి చూసుకోకుండా లాగితే రేకు వంగుతుంది. ప్రతి వాషర్ చుట్టూ మార్కర్‌తో గీత గీశాను. తిరిగి బిగించేటప్పుడు బానెట్‌కీ ఫెండర్‌కీ మధ్య సందు సరిగ్గా రావాలంటే ఆ గీతలే దిక్కు.

లైనర్ వెనక రెండు గుప్పిళ్ల మట్టి ఉంది. వాన పడి నాలుగు రోజులైనా వేళ్లతో నలిపితే ఇంకా చెమ్మగానే ఉంది. చక్రం అంచు రేకు లోపలికి మడిచి ఉంటుంది కదా, ఆ మడతలోకి ఈ మట్టే చేరి, తడిగుడ్డ కట్టినట్టు నెలల తరబడి పట్టుకుని ఉంది. కింది తుప్పుకు కారణం ఇక్కడే దొరికింది. పైనున్న పొక్కుల సంగతి ఇంకా తేలలేదు.

కడగడం, తుడవడం

ఈ రెండు పనులనూ చాలామంది ఒకటే అనుకుంటారు. సబ్బునీళ్లతో కడిగితే మట్టి పోతుంది. మైనం, గ్రీజు, టైర్లకు పూసే మెరుపు ద్రవంలోని సిలికాన్ పోవు. వాటికి గ్రీజు తీసే సాల్వెంట్ వేరే ఉంటుంది. ఒక గుడ్డతో తడిపి, అది ఆరేలోపే రెండో పొడిగుడ్డతో తుడిచేయాలి. ఒకే గుడ్డతో రుద్దుతూ పోతే జిడ్డు ఇక్కణ్నించి అక్కడికి మారుతుంది, అంతే.

ఇది సాండ్‌పేపర్ పట్టుకోకముందే జరగాలి. జిడ్డు ఉండగానే రుద్దితే, పేపర్ గీసిన ప్రతి గాడిలోకీ ఆ జిడ్డు దిగుతుంది. ప్రైమర్ వేసినప్పుడు చేపకళ్లలాంటి గుంటలు పడేది అందుకే. అవి వచ్చాక మళ్లీ మొదటికి వెళ్లడం తప్ప దారి లేదు.

పాత పుట్టీ కింద

గ్రైండర్‌కు స్ట్రిప్ డిస్క్ వేసి పుట్టీ తీయడం మొదలుపెట్టాను. ఫెండర్ రేకు మందం మిల్లీమీటర్ కూడా ఉండదు. గ్రైండర్‌ను ఒకేచోట ఆపితే వేడికి రేకు నీలంగా మారి, ఉబ్బి, తర్వాత ఎంత కొట్టినా నిలవని రేకు అవుతుంది. కాసేపు ఇక్కడ, కాసేపు అక్కడ, మధ్యమధ్యలో చేత్తో ముట్టుకుని వేడి చూసుకుంటూ తీశాను.

పుట్టీ మందం మధ్యలో దాదాపు 6 మిల్లీమీటర్లు ఉంది. నా లెక్కలో పూర్తయిన పుట్టీ 2 మిల్లీమీటర్లు దాటితే సొట్ట సరిగ్గా తీయలేదని అర్థం. నిజంగానే తీయలేదు. సొట్టను అలాగే ఉంచి దాని నిండా పుట్టీ పోసేశారు. ఒక పెచ్చు స్క్రేపర్‌తో లేపితే అప్పడంలా ఊడి వచ్చింది. తిప్పి చూశాను. పై సగం పొడిగా, లేత పసుపులో ఉంది. కింది సగం ముదురు రంగులో, గోరు దిగేంత మెత్తగా ఉంది. రేకు మీద ఆ పెచ్చు కూర్చున్న చోట గోధుమరంగు మచ్చ, అదే ఆకారంలో.

పొక్కులకు జవాబు ఆ పెచ్చులోనే ఉంది. పాలిస్టర్ పుట్టీలో టాల్క్‌లాంటి పొడి ఉంటుంది, రుద్దాక పైన సన్నటి రంధ్రాలు తెరుచుకుంటాయి. అలాంటి పుట్టీని వాటర్ పేపర్‌తో నీళ్లు పోస్తూ రుద్దితే స్పాంజిలా తాగుతుంది. పైకి అరగంటలో ఆరినట్టే కనిపిస్తుంది. దాని మీద ప్రైమర్, బేస్ (రంగు పొర), క్లియర్ (రంగు మీది పారదర్శక మెరుపు పొర) పడగానే ఆ నీరు లోపలే బందీ అవుతుంది. ఎండకు కారు వేడెక్కిన ప్రతిసారీ ఆ తేమ ఆవిరై పెయింట్‌ను పైకి నెడుతుంది, కిందివైపు రేకును తుప్పు పట్టిస్తుంది. కొన్ని నెలలకో ఏడాదికో పొక్కులు బయటపడతాయి. పుట్టీని తడిపి రుద్దడం మా పనిలో చాలాచోట్ల అలవాటు. దుమ్ము లేవదు, పేపర్ తొందరగా మూసుకుపోదు, చేతికి హాయిగా ఉంటుంది. కొత్తలో నేనూ అలాగే చేసేవాణ్ని. ఇలాంటి పెచ్చులు నాలుగు చూశాక మానేశాను.

బావను పిలిచి ఆ పెచ్చు చేతిలో పెట్టాను. గోరుతో గుచ్చి చూశాడు. "బావా, వారం పైనే పడుతుంది, తొందరపెట్టకు" అన్నాను. సరేనన్నాడు.

రేకు పని

చీకట్లో ఫెండర్ వెనక టార్చి పెట్టి ముందునుంచి చూశాను. అంచు దగ్గర రెండు చుక్కల వెలుగు కనిపించింది. సూదిమొన అంత రంధ్రాలే, కానీ వెలుగు వచ్చే దారిలో నీరూ వస్తుంది. వీటిని పుట్టీతో మూసేస్తే ముందునుంచి ఎంత బాగా చేసినా, వెనకనుంచి తడి వచ్చి కొన్నాళ్లకు పుట్టీని నెట్టేస్తుంది. ఇంట్లో వెల్డింగ్ సదుపాయం లేదు కాబట్టి ఫెండర్‌ను తీసుకెళ్లి, తుప్పు తిన్నచోటు కోయించి, బొటనవేలంత కొత్త రేకు ముక్క వేయించాను. ఇంట్లో చేసే పనికి ఇదే హద్దు అనుకోండి. రంధ్రం ఉంటే వెల్డింగ్ చేయించాలి, పుట్టీ జోలికి వెళ్లకూడదు.

సొట్టను లోపలినుంచి డాలీ (చేతిలో ఇమిడే ఇనుప దిమ్మ) ఆనించి తీశాను. సొట్ట పడినప్పుడు రేకు మధ్యలో లోపలికి పోతుంది, చుట్టూ గట్టులా పైకి లేస్తుంది. మధ్యలోనే కొడుతూ కూర్చుంటే రేకు సాగిపోయి, నొక్కితే టక్కుమని లోపలికి, వదిలితే బయటికి ఆడుతుంది. డాలీతో కిందనుంచి గుంటను పైకి నొక్కి పట్టుకుని, సుత్తితో పక్కనున్న గట్టును మెల్లగా దించుతూ వస్తే రెండూ ఒకదానికొకటి సర్దుకుంటాయి. చివరగా పడిన దెబ్బను ముందు తీయాలి, మొదట తగిలిన చోటును ఆఖర్న. గంటన్నర పట్టింది. లోతు 1 మిల్లీమీటర్ లోపుకు వచ్చాక ఆపేశాను. అంతకుమించి కొడితే బాగుపడేదానికంటే చెడేదే ఎక్కువ.

తుప్పు విషయంలో ఒక జాగ్రత్త. రేకు మీది తుప్పును పీ80 సాండ్‌పేపర్‌తో (పీ పక్కన అంకె పెరిగేకొద్దీ పేపర్ సన్నబడుతుంది), గ్రైండర్‌కు తగిలించే వైర్ కప్‌తో తీశాక కూడా సన్నటి నల్ల చుక్కలు మిగులుతాయి. రేకులో గుంటలు పడ్డచోట్లు అవి. వాటికి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ రిమూవర్ పూసి, డబ్బా మీద రాసినంతసేపు ఆరకుండా తడిగా ఉంచి, నీళ్లతో పూర్తిగా కడిగి, హీట్ గన్‌తో వెంటనే ఆరబెట్టాను. యాసిడ్ మిగిలితే దాని మీద ఎపాక్సీ ప్రైమర్ పట్టదు. అందుకే చక్రం అంచు మడతలో యాసిడ్ వాడనేలేదు, అక్కడినుంచి కడగడం కుదరదు. మడతను సన్నటి స్క్రేపర్‌తో, వైర్ బ్రష్‌తో గీకి, గాలి కొట్టి వదిలేశాను.

నేను చేసిన తప్పు

ఆ సాయంత్రానికి రేకు వెండిలా మెరుస్తూ తేలింది. సంతోషంగా, గ్లవ్స్ తీసేసి అరచేత్తో నిమిరి చూశాను, ఎత్తుపల్లాలు తెలుస్తాయని. బాగానే ఉందనిపించింది. చీకటి పడింది, ప్రైమర్ రేపు వేద్దామని గుడ్డ కప్పి వెళ్లిపోయాను. రాత్రి వాన పడింది.

పొద్దున్నే గుడ్డ తీస్తే ఫెండర్ మధ్యలో నా చెయ్యి ఉంది. ఐదు వేళ్లు, అరచేతి మడమ, చూపుడువేలు కణుపు దగ్గర గీత కూడా కనిపించేంత స్పష్టంగా, లేత నారింజరంగులో తుప్పు పట్టి. చెమటలో ఉప్పు ఉంటుంది. ఉప్పు గాలిలోని తేమను పట్టి ఉంచుతుంది. వట్టి ఉక్కు మీద ఒక్క రాత్రి చాలు. మిగతా రేకు మీద కూడా సన్నటి పొడలా తుప్పు కనిపించింది కానీ, ఆ చేతిముద్ర మాత్రం కొట్టొచ్చినట్టుంది.

మళ్లీ పీ80తో రుద్దడం, మళ్లీ సాల్వెంట్‌తో తుడవడం, మొత్తం రెండు గంటల పని వృథా. ఇన్నేళ్ల అనుభవం ఉండి కూడా చేసిన తప్పు ఇది. వట్టి రేకును రాత్రి ఉంచకూడదని నాకు తెలుసు. ఆ రోజు చేయలేకపోతే కనీసం ఒక పొర ఎపాక్సీ వేసి వెళ్లాలి. లేదా పెయింట్ తీసే పనిని రెండు రోజులకు పంచి, ఈ రోజు ఎంతవరకు ప్రైమర్ వేయగలమో అంతవరకే రేకు బయటపెట్టాలి. చివరి తుడుపు అయ్యాక వేలు తగలకూడదు. పట్టుకోవాలంటే నైట్రైల్ గ్లవ్స్ ఉండాల్సిందే.

ఎపాక్సీ

పుట్టీని నేరుగా రేకు మీద వేయొచ్చు, చాలామంది వేస్తారు కూడా. నేను ముందు ఎపాక్సీ ప్రైమర్, దాని మీద పుట్టీ పద్ధతి ఎంచుకున్నాను. తేమ ఎక్కువున్న రోజుల్లో రేకును వీలైనంత తొందరగా మూసేయడమే ముఖ్యం. ఎపాక్సీ నీటిని బాగా ఆపుతుంది. యాసిడ్ ఉండే ఎచ్ ప్రైమర్ మీద మాత్రం పాలిస్టర్ పుట్టీ వేయకూడదు. ఆ యాసిడ్ వల్ల పుట్టీ సరిగ్గా గట్టిపడదు, పట్టు వదిలేస్తుంది.

వేసే ముందు రేకు వేడి చూసుకోవాలి. చల్లటి నీళ్లు పోసిన గ్లాసు బయట చెమట పట్టినట్టే చల్లటి రేకుకూ పడుతుంది. కాకపోతే కంటికి కనిపించనంత పల్చగా. రేకు ఉష్ణోగ్రత, గాలిలోని తేమ నీటిచుక్కలుగా మారే ఉష్ణోగ్రత (డ్యూ పాయింట్) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నది పెయింట్ పనిలో పాటించే నియమం. ఆ రోజు గాలి 28 డిగ్రీలు, తేమ 80 శాతం. అంటే డ్యూ పాయింట్ 24 పైచిలుకు. రేకు 27 లోపు ఉంటే మూత తీయకూడదు. షెడ్డులో రాత్రంతా ఉన్న ఫెండర్ పొద్దున 25 చూపించింది. ఎండలో పెట్టి, 32కు వచ్చాక నీడకు తెచ్చి మొదలుపెట్టాను. లేజర్ చుక్కతో వేడి చూపించే చిన్న థర్మామీటర్ ఒకటి ఉంచుకోండి, ఈ పనిలో అది పెద్ద సాయం.

స్ప్రే గన్ వాడలేదు. ఎపాక్సీని సన్నటి ఫోమ్ రోలర్‌తో రెండు కోట్లు వేసి, మడతలోకి బ్రష్‌తో నిండుగా దిగేలా పోసి, ఫెండర్‌ను అటూ ఇటూ వంచి పారించాను. వెనకవైపు కూడా వేశాను. రోలర్ వాడటానికి కారణం ఊపిరితిత్తులు. రెండు డబ్బాలు కలిపి వాడే పెయింట్లు, క్లియర్ల హార్డనర్లలో చాలావాటిలో ఐసోసైనేట్లు ఉంటాయి. స్ప్రే చేసినప్పుడు లేచే సన్నటి తుంపర పీలిస్తే ఆస్తమా రావచ్చు, ఒకసారి ఒంటికి పడకుండా పోతే ఆ తర్వాత కాస్త తగిలినా ఊపిరాడదు. ఈ పనిలో అలా ఆరోగ్యం పోగొట్టుకుని మానేసినవాళ్లున్నారు. వాటిని స్ప్రే చేయాలంటే బయటినుంచి మంచిగాలి పైపులో వచ్చే మాస్కు కావాలి. అందుకే ఇంట్లో రెండు డబ్బాల క్లియర్ నేను కొట్టను, ఎవరినీ కొట్టమని చెప్పను. రోలర్‌తో తుంపర లేవదు. అయినా ఆర్గానిక్ వేపర్ కార్ట్‌రిడ్జ్ ఉన్న మాస్కు, గ్లవ్స్, కళ్లద్దాలు తప్పవు. ఎపాక్సీ హార్డనర్ చర్మానికి కూడా పడదు.

పుట్టీ

మర్నాటికి ఎపాక్సీ ఆరింది. పీ180తో మెరుపు పోయేలా రుద్ది, తుడిచి, పుట్టీకి కూర్చున్నాను.

100 గ్రాముల పుట్టీకి హార్డనర్ 2 గ్రాములు. డబ్బా మీద 1 నుంచి 3 శాతం అని ఉంటుంది, నేను రెండు దగ్గర ఉంటాను. చిన్న తూకం ఉంటే తూచండి. తొందరగా గట్టిపడుతుందని హార్డనర్ ఎక్కువ పిండితే, అందులోని పెరాక్సైడ్ మిగిలిపోయి తర్వాత పెయింట్‌లోంచి పసుపు మచ్చలా పైకి తేలుతుంది. తెల్లకారు మీద అది దాగదు. తక్కువైతే పుట్టీ ఎప్పటికీ జిగటగానే ఉంటుంది. కలపడానికి అట్టముక్క వద్దు, పుట్టీలోని రెజిన్‌ను అట్ట పీల్చుకుంటుంది. గాజుపలకో, ప్లాస్టిక్ పలకో వాడాలి. గిలకొట్టినట్టు కలిపితే గాలిబుడగలు చేరి, రుద్దాక సూది రంధ్రాలవుతాయి. పుట్టీ పూసే పట్టీతో నొక్కుతూ, మడుస్తూ, రంగు చారలు లేకుండా ఒకే రంగు వచ్చేదాకా కలపాలి. కలిపాక చేతిలో ఉండేది నాలుగైదు నిమిషాలు. వేడి రోజైతే ఇంకా తక్కువ, అందుకే నిమ్మకాయంత ముద్ద చొప్పున మూడుసార్లు కలిపాను.

మొదటి పొర చాలా పల్చగా, పట్టీని గట్టిగా నొక్కి, గీతల్లోకి దిగేలా. దాని మీద రెండోది నింపడానికి. చుట్టూ రెండు అంగుళాలు ఎక్కువ పోనిచ్చాను. సరిగ్గా గుంట మేరకే వేస్తే రుద్దేటప్పుడు అంచు దగ్గర మెట్టు మిగులుతుంది.

తర్వాత రుద్దడం, అంతా పొడిగానే. చేత్తో నేరుగా పేపర్ పట్టుకోకూడదు. వేళ్ల కింద ఉన్నచోట ఎక్కువ, సందుల్లో తక్కువ అరిగి అలలు వస్తాయి. ఫెండర్ వంపుకు వంగే పొడుగాటి బ్లాక్‌కు పీ80 అంటించి, ఏటవాలుగా ఒకసారి ఇటు, ఒకసారి అటు. పీ80 పేపర్ గింజ దాదాపు 200 మైక్రాన్లు, పీ240 గింజ 58 మైక్రాన్లు. పైన పడబోయే బేస్ కోటు 15, 20 మైక్రాన్లే. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే ప్రతి పేపర్ గీతనూ తర్వాతి పేపర్‌తో పూర్తిగా తీసేయాలని ఎందుకంటారో అర్థమవుతుంది. పీ80 గీత ఒక్కటి మిగిలినా రంగు దాన్ని కప్పలేదు. పైగా నెల తర్వాత ప్రైమర్ కుదించుకుని అది ఇంకా బాగా కనిపిస్తుంది. నేను పీ80, పీ120, పీ180, పీ240 వరసలో వెళ్లాను. మధ్యలో మెట్టు దాటలేదు.

ఎక్కడ పల్లం ఉందో తెలియడానికి గైడ్ కోట్ అద్దాను. నల్లటి పొడి అది, స్పాంజితో పల్చగా పూస్తాం. బ్లాక్ నడిపితే ఎత్తుగా ఉన్నచోట నలుపు పోతుంది, పల్లంలో మిగులుతుంది. మొదటిసారి మూడుచోట్ల నలుపు మిగిలింది. వాటిలో ఒకటి గోరంత ఉన్నా వదల్లేదు, మళ్లీ పుట్టీ వేశాను. ఈసారి నిమిరి చూసింది పల్చటి నూలు గ్లవ్ వేసుకుని. గ్లవ్ ఉంటే చెమట అంటదు సరే, చెయ్యి జారుతూ పోయి ఎత్తుపల్లం కూడా మరింత బాగా తెలుస్తుంది. వేళ్ల కొసలతో తడమకండి. అరచేయి మొత్తం ఆనించి, పొడుగునా, నెమ్మదిగా జరపండి.

పాత పెయింట్ అంచు కలిసేచోట చూడాల్సిన దృశ్యం ఒకటుంది. పీ180, పీ240తో అంచును వాలుగా అరగదీస్తే పొరలన్నీ చెట్టు మొద్దు మీది వలయాల్లా బయటపడతాయి. బయటివైపు మసకబారిన క్లియర్, దాని లోపల తెల్ల బేస్, లేత బూడిదరంగు ప్రైమర్, ఫ్యాక్టరీలో ముంచి పూసిన ముదురు బూడిదరంగు పొర, ఆఖర్న మా ఎపాక్సీ. మా ఎపాక్సీ కాక మిగతా పొరలన్నీ కలిపినా ఫ్యాక్టరీ పెయింట్ మందం 100 నుంచి 150 మైక్రాన్లు. ఒక్కో వలయం కనీసం అర సెంటీమీటర్ వెడల్పు వచ్చేదాకా రుద్దాను. వలయాలు ఇరుగ్గా ఉంటే అక్కడ మెట్టు ఉన్నట్టే, వేలికి తెలియకపోయినా మెరుపులో తెలుస్తుంది. ఫెండర్ మీద నడిచే గీతల కొసల మీద పెయింట్ ఎప్పుడూ పల్చగా ఉంటుంది. వాటి మీద మాస్కింగ్ టేపు వేసి చుట్టూ రుద్ది, చివర్లో టేపు తీసి రెండు మూడు సార్లు చేత్తో అలా అన్నాను.

గాలిలో నీళ్లు

దుమ్ము ఊదడానికి కంప్రెసర్ ఆన్ చేసి, ఎప్పటిలాగే ముందు తెల్ల కాగితం మీద ఊదాను. కాగితం మీద మూడు నీటిచుక్కలు పడ్డాయి. తేమ రోజుల్లో ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి. కింద మర విప్పితే అర గ్లాసు నీళ్లు కారాయి, పైన నూనె తేలుతూ. కాగితం చూడకుండా ఊది ఉంటే ఆ నూనె నీళ్లు తెరిచి ఉన్న పుట్టీలోకే వెళ్లేవి. రెండేళ్ల కిందట జరిగింది నా చేత్తో మళ్లీ జరిగేది. ట్యాంకు ఖాళీ చేసి, పైపుకు నీళ్లు ఆపే ఫిల్టర్ పెట్టి, మళ్లీ కాగితం మీద ఊది, పొడిగా వచ్చాకే ఫెండర్ మీదికి తిప్పాను.

సాల్వెంట్ కూడా వట్టి పుట్టీ మీద పోయను. చుట్టూ ఉన్న పెయింట్‌ను గుడ్డతో తుడిచి, పుట్టీ ఉన్నచోట గాలి, జిగురుగుడ్డతో సరిపెడతాను. పుట్టీ నీళ్లు తాగినట్టే సాల్వెంటూ తాగుతుంది.

ప్రైమర్

పుట్టీ మీద మళ్లీ ఒక కోటు ఎపాక్సీ, అది డబ్బా మీద రాసిన గడువులో ఉండగానే సన్నటి గీతలను నింపే మందం ప్రైమర్ మూడు కోట్లు. ఇదీ రోలర్‌తోనే. కోటుకీ కోటుకీ మధ్య మెరుపు పోయేదాకా ఆగాలి. ఆగకుండా వేస్తే థిన్నర్ లోపల చిక్కుకుని తర్వాత సూది రంధ్రాలవుతుంది. రోలర్ ప్రైమర్ నారింజతొక్కలా కనిపిస్తుంది, కంగారు పడక్కర్లేదు, ఎలాగూ రుద్దేదే.

రెండు రాత్రులు ఆరనిచ్చాను. డబ్బా మీద అంతకంటే తక్కువ గంటలే రాసి ఉంది. ప్రైమర్ కుదించుకోవాల్సినదంతా ఇప్పుడే కుదించుకోనీ అని నా ఉద్దేశం. మళ్లీ గైడ్ కోట్, పీ320తో బ్లాక్ మీద, పీ500తో ముగింపు. రంగు సాదా తెలుపు కాబట్టి పీ500 చాలు. మెటాలిక్ రంగైతే ఇంకా సన్నగా పీ600 దాకా వెళ్లేవాణ్ని, ఆ రంగుల్లోని మెరుపు రేణువులు గీతల్ని ఎత్తి చూపిస్తాయి. గట్టిపడిన ప్రైమర్‌ను తడిపి రుద్దొచ్చు, అది పుట్టీలా తాగదు. కానీ ఎక్కడైనా ప్రైమర్ చిరిగి పుట్టీ బయటపడితే నీరు లోపలికి దారి పట్టేస్తుంది. ఈ ఫెండర్ చరిత్ర చూశాక ఆ అవకాశం ఇవ్వదలచుకోలేదు, చివరిదాకా పొడిగానే రుద్దాను. అంచులు, మూలలు, బానెట్ కింద దాక్కునే భాగం బూడిదరంగు స్కఫ్ ప్యాడ్‌తో (రుద్దే గరుకు పీచు ముక్క). పెయింట్ పెచ్చులు లేవడం ఎక్కువగా మొదలయ్యేది ఈ మూలల్లోనే, ఎవరూ చూడరని రుద్దకుండా వదిలేసినచోట.

వెల్డింగ్ చేసిన అతుకు మీద వెనకవైపు సీలర్ పెట్టాను. మడతలోకి కొట్టే మైనం మాత్రం అప్పుడు కొట్టలేదు. అది పెయింట్ పూర్తయ్యాకే. ముందే కొడితే పెయింట్ బూత్ వేడికి కరిగి బయటికి కారి, కొత్త రంగు మీద చేపకళ్లు తెప్పిస్తుంది.

ప్లాస్టిక్ బంపర్‌కు ఈ పద్ధతి ఇలాగే పనికిరాదు. దానికి ప్లాస్టిక్ ప్రైమర్, వంగినా పగలని పుట్టీ వేరే ఉంటాయి. అల్యూమినియం ఫెండరైతే ఉక్కు పని చేసిన వైర్ బ్రష్ తాకించకూడదు.

ఆ తర్వాత

తొమ్మిదో రోజు ఫెండర్‌ను దుప్పటిలో చుట్టి, నమ్మకమైన ఒక పెయింట్ బూత్‌కు తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు తీసుకోగానే అలవాటు ప్రకారం బకెట్లో వాటర్ పేపర్ ముంచాడు. "ఇది పీ500 దాకా అయిపోయింది తమ్ముడూ, తుడిచి కొట్టేయడమే" అని చెప్పి, వెలుతురులో ఏటవాలుగా పట్టి చూపించాను. చేత్తో నిమిరి, పేపర్ పక్కన పెట్టేశాడు. బేస్, క్లియర్ ఒక మధ్యాహ్నంలో అయిపోయాయి. ఇంటి దగ్గర నేను పెట్టింది మొత్తం 19 గంటలు, అందులో రెండు గంటలు ఆ చేతిముద్రకు పోయాయి.

బిగించేటప్పుడు వాషర్ గీతలు చూసుకుని, బోల్టు తలల మీద రంగు గీరుకున్నచోట ప్రైమర్ చుక్క పెట్టి, మడతలో మైనం కొట్టి, లైనర్ కడిగి పెట్టాను. అంచు అడుగున నీరు కారే సందును సీలర్‌తో మూయలేదు. లోపలికి వెళ్లిన నీరు బయటికి రావాలి.

ఇది రాసేనాటికి 16 నెలలైంది. పోయిన వారం లైనర్ విప్పి చూశాను. మడతలో మట్టి మళ్లీ ఒక గుప్పెడు చేరింది, తీసి కడిగాను. పైన ఒక్క పొక్కూ లేదు. చక్రం వెనక కింది మూలలో రాయి తగిలి, పెసరగింజంత మేర పెయింట్ ఎగిరిపోయింది. భూతద్దంతో చూస్తే అడుగున బూడిదరంగు ఎపాక్సీ కనిపిస్తోంది, తుప్పు లేదు. తుడిచి, ఆరబెట్టి, అగ్గిపుల్ల కొసతో రంగు చుక్క పెట్టాను.